బండల ఊరు... ఓడల దారి

తాండూరుకు సముద్రం లేదు. వికారాబాద్‌కూ లేదు. అయినా ఆ జిల్లా రాళ్లు ఓడలెక్కుతున్నాయి. మరి రాళ్ల వెనకే పిల్లాడూ బయల్దేరతానంటే..? ఇది ఓ ఇంటి కథ. ఆ ఇంటి గడపలోంచి కనిపించే ఆసియా సముద్రాల కథ కూడా!

2022 జూన్. మధ్యాహ్నం రెండున్నర. తాండూరు శివారులోని ఓ చిన్న పాలిషింగ్ యూనిట్ ముందు పొడవాటి ట్రైలర్ ఆగింది. దాని మీద ఇరవై అడుగుల ఇనుప పెట్టె. హమాలీలు చెక్క పెట్టెల్లో నిలువుగా పేర్చిన నాపరాళ్లను ఒక్కొక్కటే లోపలికి చేరుస్తున్నారు. యజమాని చేతిలో ఎర్ర అట్ట నోటుబుక్కు. ఏ సైజు ఎన్ని పెట్టెలు, ఎన్ని చదరపుటడుగులు... అన్నీ అందులోనే. ముప్పై ఏళ్లుగా అదే అలవాటు.

కంటైనర్ సగం కూడా నిండలేదు. 'చాలు, ఆపండి' అన్నాడాయన. పక్కనే నిలబడ్డ కొడుకు ఆశ్చర్యపోయాడు. అప్పుడే ఇంటర్ ఎంపీసీ ఫలితాలు వచ్చాయి. ఇంకా ఏం చదవాలో తేలలేదు.

'ఇంక జాగ ఉంది గద నాయినా?'

'జాగ ఉంటే ఏంది బిడ్డా, బరువు నిండింది. పత్తి అయితే పెట్టె నిండినంక ఆపుతరు. బండలైతే తూకం నిండంగనే ఆపాలె.'

తలుపులు మూశారు. సీలు వేశారు. తలుపు మీది నాలుగు అక్షరాలు, ఏడు అంకెలను ఆయన జాగ్రత్తగా నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ నంబరు ఉంటే పెట్టె ఎక్కడుందో ఎప్పుడైనా కనుక్కోవచ్చు. ట్రైలర్ దుమ్ము లేపుకుంటూ కదిలింది.

'ఏడికి పోతది నాయినా?'

'ముంబయి అవతల రేవుకు పోతది. ఆడ ఓడ ఎక్కుతది. ఆడికెళ్లి దేశం దాటుతది.'

పిల్లాడు కాసేపు ఆ దుమ్ము వంకే చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. 'బండలు పోంగ లేంది, నేను పోతే ఏంది నాయినా?'

తండ్రికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు. ఆయన జీవితంలో సముద్రం చూసింది ఒకే ఒక్కసారి. అదీ ముంబయిలో ఓ వ్యాపారి బాకీ ఎగ్గొడితే వసూలు చేసుకోవడానికి వెళ్లినప్పుడు! ఇక తల్లి సంగతి చెప్పక్కర్లేదు. ఆమె ఎరిగిన పెద్ద నీళ్లంటే వానాకాలం పొంగే కాగ్నా వాగే. 'భూమ్మీద కొలువులు కరువైనయా? నీళ్ల మీద బతుకేందిరా?' అంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

పుట్టిందే సముద్రంలో...

నిజానికి తాండూరుకూ సముద్రానికీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. ఇంటింటా గచ్చుకు వాడే నీలం, పసుపు నాపరాళ్లు ఎలా పుట్టాయో తెలిస్తే ముక్కున వేలేసుకుంటారు. ఎన్నో కోట్ల సంవత్సరాల కిందట ఈ ప్రాంతం లోతు తక్కువ సముద్రం కింద ఉండేది. ఆ నీటి అడుగున పొరమీద పొరగా పేరుకుని గట్టిపడిన సున్నపు ఒండ్రే నేటి నాపరాయి. అందుకే అది పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా లేస్తుంది. అంటే, తాండూరు బండ ఓడెక్కడం కొత్త ప్రయాణమేమీ కాదు. పుట్టింటికి పోవడమే!

ఇక్కడి నీళ్లూ అంతే. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, తాండూరును తడిపే కాగ్నా వేర్వేరు దారులు పట్టి చివరకు కృష్ణమ్మలోనే కలుస్తాయి. బంగాళాఖాతం చేరతాయి. రైలూ అంతే. 1874లో నిజాం హయాంలో వేసిన సికింద్రాబాద్ - వాడి మార్గం మీదే వికారాబాద్, తాండూరు ఉన్నాయి. హైదరాబాద్‌ను ముంబయి - మద్రాసు ప్రధాన మార్గానికి కలిపిన తొలి రైలు దారి అదే. ఒక చివర ముంబయి రేవు, మరో చివర మద్రాసు రేవు. మధ్యలో మన ఊళ్లు.

ఇంకా వెనక్కి వెళ్తే, యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ముద్రించాడు. గోల్కొండ సుల్తానుల సరుకు మచిలీపట్నం రేవు నుంచి దేశదేశాలకూ వెళ్లేది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లిషువారు అక్కడ వ్యాపార స్థావరాలు పెట్టుకున్నది ఆ సరుకు కోసమే. స్వతంత్ర భారతంలో తయారైన తొలి పెద్ద ఓడ 'జల ఉష'ను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోకి వదిలింది విశాఖపట్నంలో. సింధియా కంపెనీ కట్టిన ఆ నౌకా నిర్మాణ కేంద్రమే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది.

ఆసియా చేతిలో చుక్కాని

ఇవన్నీ పాత ముచ్చట్లు. ఇప్పటి సంగతి?

ప్రపంచ వ్యాపారంలో పరిమాణం లెక్కన ఎనభై శాతానికి పైగా సముద్రం మీదే సాగుతోంది. మనదేశం ఎగుమతి, దిగుమతుల్లో అయితే సుమారు 95 శాతం. వంటగ్యాస్, పామాయిల్, సెల్‌ఫోన్, పొలంలో చల్లే ఎరువు... ఇంట్లో కనిపించే వాటిలో ఓడెక్కి రానివి ఏరడమే కష్టం.

ఆ ఓడల చుక్కాని ఇప్పుడు ఆసియా చేతిలో ఉంది. కొత్తగా తయారయ్యే ఓడల్లో పదింట తొమ్మిదికి పైగా చైనా, దక్షిణ కొరియా, జపాన్‌లే కడుతున్నాయి. రద్దీగా ఉండే పది కంటైనర్ రేవుల జాబితా తీస్తే దాదాపు అన్నీ ఆసియావే. మొదటి స్థానం షాంఘైది. 2024లో అక్కడ కదిలిన సరుకును ఇరవై అడుగుల పెట్టెల లెక్కన చూస్తే 5 కోట్లు దాటింది. రెండో స్థానంలో ఉన్న సింగపూర్ 4 కోట్లు దాటింది. చివరకు ముసలి ఓడల్ని విడగొట్టే పని కూడా ఎక్కువగా మన గుజరాత్‌లోని అలంగ్, బంగ్లాదేశ్‌లోని చట్టోగ్రామ్, పాకిస్థాన్‌లోని గడానీ తీరాల్లోనే. ఓడ పుట్టేదీ ఆసియాలోనే, పోయేదీ ఆసియాలోనే!

ఈ మార్పు మొత్తానికి మూలం ఓ ఇనుప పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే లారీల వ్యాపారి 58 పెట్టెల్ని ఓ ఓడ మీద పేర్చి పంపాడు. అంతకు ముందు మూటలు, పీపాలు ఒక్కొక్కటే మోసి ఎక్కించేవారు. ఓడ రేవులో రోజుల తరబడి నిలిచిపోయేది. పెట్టె వచ్చాక సరుకును విప్పే పనే లేకుండా పోయింది. లారీ నుంచి రైలుకు, రైలు నుంచి ఓడకు! 58 పెట్టెలతో మొదలైన ఆ ప్రయాణం ఎంతదాకా వచ్చిందంటే... 2025 జూన్‌లో కేరళలోని విళింజం రేవుకు వచ్చిన ఎంఎస్‌సీ ఇరీనా అనే ఓడ ఒక్కటే 24,346 పెట్టెలు మోయగలదు. దాని పొడవు నాలుగు వందల మీటర్లు.

మరి మనమెక్కడ? నిజం చెప్పాలంటే ఓడలు కట్టడంలో వెనకే. ప్రపంచ నౌకా నిర్మాణంలో మన వాటా ఒక్క శాతం కూడా లేదు. అందుకే 2025 సెప్టెంబరులో కేంద్రం ఈ రంగానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. మహారాష్ట్రలో వాఢవణ్ రేవుకు 2024 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. విళింజం 2025 మేలో జాతికి అంకితమైంది. ఆంధ్రప్రదేశ్‌లో మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేటల్లో కొత్త రేవుల పనులు చేపట్టారు. సముద్రం లేని తెలంగాణ, మచిలీపట్నం దారికి కలిసేలా డ్రైపోర్టు కావాలంటోంది.

కానీ మనం ముందున్న చోటు ఒకటుంది. అది మనుషులు! ప్రపంచంలో సుమారు 19 లక్షల మంది నావికులు ఉన్నారని 2021లో అంతర్జాతీయ నౌకా సంస్థలు లెక్కగట్టాయి. నావికుల్ని ఎక్కువగా పంపే మొదటి అయిదు దేశాల్లో ఫిలిప్పీన్స్, రష్యా, ఇండొనేసియా, చైనాలతో పాటు మనదీ ఉంది. 2026 నాటికి దాదాపు 90 వేల మంది అధికారులు అదనంగా కావాలనీ ఆ నివేదికే చెప్పింది. 2021 మార్చిలో సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు ప్రపంచాన్ని ఆపేసిన 'ఎవర్ గివెన్' గుర్తుందా? అందులోని నావికులు పాతిక మందీ భారతీయులే.

తాండూరు పిల్లాడికి ఈ లెక్కలన్నీ తెలియవు. సెల్‌ఫోన్‌లో ఓడ వీడియోలు చూశాడు. తెల్ల చొక్కా, భుజాన నల్లపట్టీలు చూశాడు. అంతే!

ఆరు లక్షల మాట

కొడుకు పట్టు విడవకపోవడంతో తండ్రి మెత్తబడ్డాడు. ఎవరో ఏజెంటు ఉన్నాడంటే హైదరాబాద్ వెళ్లాడు. చల్లటి గది. గోడ నిండా ఓడల బొమ్మలు. 'పరీక్షల్లేవ్, ర్యాంకుల్లేవ్. ఆరు లక్షలు కట్టండి. మూడు నెలల్లో మీవాడు ఓడ మీద ఉంటాడు. జీతం డాలర్లలో' అన్నాడు ఆ మనిషి. ముందుగా రెండు లక్షలు తెమ్మన్నాడు. రసీదు సంగతి అడిగితే 'మన మధ్య రసీదులేంటి సార్' అని నవ్వాడు.

ఆరు లక్షలంటే ఆ ఇంటికి చిన్న మాట కాదు. కోత యంత్రం బాకీ ఇంకా తీరలేదు. ఉన్నదల్లా కూతురి పెళ్లికని కొనిపెట్టిన ఓ ప్లాటు. దాన్ని బేరం పెట్టాడు. తల్లి ఏడ్చింది. పిల్లాడు మాత్రం సూట్‌కేసు కొనాలని చూస్తున్నాడు.

ఈ విషయం వికారాబాద్‌లో రైల్వేలో పనిచేస్తున్న మేనమామ చెవిన పడింది. ఆయన ఫోన్లో ఒక్కటే అన్నాడు. 'బావా, పైసలు ఇయ్యకు. రేపు పొద్దుగాల బండికి పోరన్ని తీసుకొని రా. ఒకల్ని కలిపిస్త.'

మర్నాడు వికారాబాద్ జంక్షన్ బయట టీకొట్టు దగ్గర వాళ్లు కలిసింది పాతికేళ్లయినా నిండని ఓ కుర్రాణ్ని. మేనమామ ఉండే వీధే. అతనూ మూడేళ్ల కిందట ఇలాగే డబ్బు కట్టాడు. చేతికి విజిట్ వీసా ఇచ్చి విమానం ఎక్కించారు. తీరా వెళ్లాక చూస్తే అది తుప్పు పట్టిన చిన్న చమురు ఓడ. రేవులోకి రానివ్వరు. దూరంగా లంగరేసి ఉంటుంది. తొలి నెల జీతం సగం ఇచ్చారు. తర్వాత అదీ లేదు. యజమాని ఫోన్ ఎత్తడు. పాస్‌పోర్టు కెప్టెన్ దగ్గర. డీజిల్ అయిపోతే రాత్రంతా చీకటి. చివరి నెలల్లో తిండంటే అన్నం, ఉప్పు. అయిదు నెలల తర్వాత నావికుల సంఘం పూనుకుంటేగానీ ఇల్లు చేరలేదు.

'ఓడ పేరు కూడా రెండుసార్లు మార్చిన్రన్నా. ఒకనాడు లేచి చూస్తే బయట కొత్త పేరు రాస్తున్రు' అన్నాడు. ఆ మాట చెబుతూ నవ్వాడు. వింటున్నవాళ్లకు మాత్రం నవ్వు రాలేదు.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇలా యజమానులు గాలికి వదిలేసిన నావికులు 2024లో ప్రపంచవ్యాప్తంగా మూడు వేల మందికి పైగా ఉన్నారని అంతర్జాతీయ రవాణా కార్మిక సమాఖ్య లెక్కతేల్చింది. వారిలో అందరికంటే ఎక్కువమంది భారతీయులే!

తిరుగు రైల్లో తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు. తాండూరులో దిగాక తండ్రి అన్నాడు. 'ప్లాటు అమ్మ. గని, నువ్వు సరైన తోవ దొరికిచ్చుకుంటే నేను వద్దన.'

తోవ ఉంది... కాస్త పొడవు!

మేనమామే దగ్గరుండి వాకబు చేశాడు. తేలిందేంటంటే, దొడ్డిదారిలో వెళ్లేవాడికి ఆరు లక్షలు గానీ, రాజమార్గంలో మొదటి అడుగు ఓ ప్రవేశ పరీక్ష మాత్రమే.

2008లో చెన్నై కేంద్రంగా ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఏర్పడింది. విశాఖపట్నంలోనూ దానికి క్యాంపస్ ఉంది. దేశవ్యాప్తంగా ఓడల చదువులకు ఆ వర్సిటీ పెట్టే ఐఎంయూ-సెట్ రాయాలి. ఇంటర్ ఎంపీసీలో 60 శాతం, ఇంగ్లిషులో 50 శాతం మార్కులు ఉండాలి. ఓడ నడిపే వైపు వెళ్లాలంటే మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్ లేదా ఏడాది డిప్లొమా. ఇంజిన్ వైపు వెళ్లాలంటే నాలుగేళ్ల బీటెక్ మెరైన్ ఇంజినీరింగ్. మెకానికల్ బీటెక్ అయినవారికి గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్ కోర్సు, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వారికి ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ కోర్సు వేరే ఉన్నాయి. పదో తరగతితో ఆపేసినవారికి ఆరు నెలల జీపీ రేటింగ్ శిక్షణ. అది సాధారణ నావికుల మెట్టు.

కళ్లు ముఖ్యం. డెక్ మీద పనిచేసేవారికి అద్దాల్లేకుండా చూపు 6/6 ఉండాలి. రంగుల గుర్తింపులో లోపం ఉంటే కుదరదు. ఎందుకంటే రాత్రి సముద్రంలో ఎదుటి ఓడ ఎటు పోతోందో చెప్పేది ఎరుపు, ఆకుపచ్చ దీపాలే. అందుకే ఫీజు కట్టకముందే కళ్లు, ఒళ్లు పరీక్ష చేయించుకోవడం మేలు.

కోర్సు అయ్యాక? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సీటు దొరకడం ఒక ఎత్తు, ఓడ దొరకడం మరో ఎత్తు. డిప్లొమా కుర్రాడు ఏడాది తరగతుల తర్వాత ఏడాదిన్నర ఓడ మీద క్యాడెట్‌గా పనిచేయాలి. అది పూర్తయి, పరీక్ష నెగ్గితేనే సెకండ్ మేట్ యోగ్యత. ఆ క్యాడెట్ చోటు దొరక్క తిరిగే పిల్లలు ఏటా ఉంటూనే ఉన్నారు. అందుకే ముందే షిప్పింగ్ కంపెనీ స్పాన్సర్‌షిప్ సంపాదించడం ముఖ్యం. అలాంటి కంపెనీలు ఐఎంయూ-సెట్ ర్యాంకు చూస్తాయి. సొంతంగా పరీక్ష, ఇంటర్వ్యూ పెడతాయి.

ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటుకు కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్ ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న సంస్థల జాబితా ఆ డైరెక్టరేట్ దగ్గర ఎవరైనా చూసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2006 నాటి అంతర్జాతీయ నావికుల ఒప్పందం చెప్పేది అదే. మనదేశం 2015లో దాన్ని ఆమోదించింది. రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలన్నదీ ఆ ఒప్పందమే. యజమాని చేతులెత్తేస్తే నాలుగు నెలల జీతం, ఇంటికి చేర్చే ఖర్చు దక్కేలా ఓడకు బీమా ఉండాలన్న నిబంధన 2017 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే 'ఇంత కట్టు, ఓడెక్కిస్తా' అన్నవాడు ఆ మాటతోనే తనెవరో చెప్పేసినట్టు!

ఎదురుచూపుల ఏడాది

2022 అలా గడిచిపోయింది. తోటివాళ్లు ఇంజినీరింగ్‌లో చేరిపోయారు. చుట్టాలు 'మీవాడు ఖాళీగనే ఉన్నడా?' అనడం మొదలెట్టారు. పిల్లాడు పగలు యూనిట్‌లో లోడింగ్ లెక్కలు రాశాడు. రాత్రి ఫిజిక్స్ చదివాడు. 2023లో ఐఎంయూ-సెట్ రాశాడు. ర్యాంకు గొప్పదేం కాదు. రెండు కంపెనీలు ఇంటర్వ్యూలో వెనక్కి పంపాయి. ఇంగ్లిషులో తడబడ్డాడు. మూడోది తీసుకుంది. శిక్షణ ఫీజుకు తండ్రి బ్యాంకు అప్పు చేశాడు. అదీ లక్షల్లోనే. తేడా ఏంటంటే, ఈసారి ప్రతి రూపాయికీ రసీదు ఉంది.

అదే సమయంలో వికారాబాద్ జిల్లాలో సముద్రం మాట మరోలా వినిపించింది. పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళం వీఎల్ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రమది. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో ఉన్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో రెండోది. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలో దూరలేవు. అతి తక్కువ పౌనఃపున్యం ఉన్నవే కొన్ని మీటర్ల లోతుకు చేరతాయి. దేశ రక్షణకు ఇది అవసరమని ప్రభుత్వాలు అన్నాయి. చెట్లు పోతాయని, మూసీ పుట్టే నేల దెబ్బతింటుందని, గుడికీ మేతకూ దారి మూసుకుపోతుందని అక్కడి జనం, పర్యావరణవాదులు ఆందోళన చేశారు. సముద్రం ఇచ్చేదే కాదు, అడిగేదీ ఉంటుందని జిల్లాకు తెలిసివచ్చింది.

ఎర్ర సముద్రం ఎంత దూరం?

పిల్లాడు శిక్షణలో ఉండగానే 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. కంపెనీలు సూయజ్ దారి వదిలి ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ఐరోపా ప్రయాణం పది రోజుల నుంచి రెండు వారాల దాకా పెరిగింది. కిరాయిలూ పెరిగాయి. తాండూరు యూనిట్ నుంచి వెళ్లిన ఓ పెట్టె చాలా ఆలస్యంగా చేరింది. కొనుగోలుదారు పైసలు ఆపాడు. ఆ నెల హమాలీల కూలికి తండ్రి చేబదులు తెచ్చుకున్నాడు. ఎర్ర సముద్రం ఎంత దూరమంటే... తాండూరులో కూలి డబ్బులు ఆగేంత దగ్గర!

తల్లికి కూలి లెక్క కాదు కదా! 2024 మార్చిలో 'ట్రూ కాన్ఫిడెన్స్' అనే ఓడ మీద క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోయారని, మిగిలినవారిని మన నౌకాదళం కాపాడిందని టీవీలో చూసింది. ఫోన్ చేసి 'ఇంటికొచ్చెయ్ బిడ్డా' అంది. కొడుకు ఆమెను ఓదార్చడానికి రాధికా మేనన్ గురించి చెప్పాడు. 2015 జూన్‌లో ఒడిశా తీరంలో తుపాను గాలుల మధ్య 'దుర్గమ్మ' అనే చేపల పడవ కొట్టుకుపోతుంటే, చమురు ఓడ కెప్టెన్‌గా ఉన్న ఆవిడ ఏడుగురు జాలర్లను కాపాడారు. ఆ సాహసానికి 2016లో అంతర్జాతీయ సముద్ర సంస్థ అవార్డు అందుకున్న తొలి మహిళ అయ్యారు. తల్లి అంతా విని, 'ఆడిపిల్ల కెప్టెనా?' అంది. కాసేపాగి, 'ఆమెకు అమ్మ లేదా? ఆమె ఎట్ల పంపిందో?' అంది. భయం పోలేదు గానీ, ఆ రోజు ఏడవలేదు.

ఈ కొలువులో తెల్ల చొక్కా వెనక చాలా ఉంది. నెలల తరబడి నాలుగు గోడల మధ్య అవే ముఖాలు. పెళ్లిళ్లు, చావులు అన్నీ ఫోన్లోనే. 2020లో కరోనా సమయంలో ఒప్పందం ముగిసినా దిగే దారి లేక సుమారు నాలుగు లక్షల మంది నావికులు ఓడల మీదే చిక్కుకుపోయారు. జీతం బాగానే ఉంటుంది కానీ మెట్టు మెట్టుకూ తేడా. అనుభవమున్న సాధారణ నావికుడికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న కనీస మూల వేతనం 2025లో నెలకు 673 డాలర్లు. అధికారులకు దానికి ఎన్నో రెట్లు. కొత్తగా ఎక్కిన క్యాడెట్‌కు మాత్రం భృతే.

ఓడెక్కడమే దారి కాదనుకునేవారికి ఒడ్డునా పనులున్నాయి. సరుకు పంపే ఫార్వర్డింగ్ కంపెనీలు, కస్టమ్స్ బ్రోకర్లు, హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉన్నట్టు లోతట్టు కంటైనర్ డిపోలు, రేవుల్లో క్రేన్లు, ఓడల డిజైన్... వీటికి ఉప్పునీళ్లు తాకక్కర్లేదు. తాండూరు, వికారాబాద్ పిల్లలకు ఇవీ అందే దూరంలోనే ఉన్నాయి.

ఏడు అంకెలు

ఓడ ఖరారైన రోజు కొడుకు ఒప్పంద పత్రం ఫోన్లో పంపాడు. తండ్రికి ఆ ఇంగ్లిషు అంతా అర్థం కాలేదు. కానీ టీకొట్టు దగ్గర కుర్రాడి మాట మరచిపోలేదు. 'ఓడ పేరు వద్దు, నంబరు చెప్పు' అన్నాడు. ప్రతి పెద్ద ఓడకూ అంతర్జాతీయ సముద్ర సంస్థ పేరిట ఏడు అంకెల నంబరు ఉంటుంది. పేరు మారొచ్చు, జెండా మారొచ్చు, యజమాని మారొచ్చు. ఆ నంబరు మాత్రం ఓడను విడగొట్టేదాకా మారదు. మేనమామ ఆ నంబరు వేసి వెతికాడు. ఎప్పుడు కట్టారు, ఎవరిది, ఎక్కడుంది... అన్నీ సరిపోయాయి. 'పంపు బావా' అన్నాడు.

పిల్లాడు ఇప్పుడు బొగ్గు, ఇనుప ఖనిజం మోసే ఓడ మీద క్యాడెట్. తుప్పు గీకడం, రంగు వెయ్యడం, రాత్రి కాపలా నేర్చుకోవడం... ఇవీ పనులు. 'ఓడ మీద ఎక్కువ చేసింది రంగులేసుడే నాయినా' అని నవ్వుతాడు. బ్యాంకు అప్పు ఇంకా ఉంది. క్యాడెట్ కాలం ముగిశాక రాయాల్సిన పరీక్ష ఉంది. చెల్లి పెళ్లి ప్లాటు మాత్రం చెక్కుచెదరలేదు.

తాండూరులో సాయంత్రం యూనిట్ కట్టేశాక తండ్రి కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుంటాడు. రాతి దుమ్ము అంటిన ఎర్ర అట్ట నోటుబుక్కు తీస్తాడు. పెట్టెల లెక్కలు, చదరపుటడుగులు, కంటైనర్ నంబర్ల మధ్య ఒక పేజీలో ఏడు అంకెలు విడిగా రాసి ఉంటాయి. చుట్టూ పెన్నుతో గీత. ఇన్నాళ్లలో ఆ అంకెలు ఆయనకు నోటికి వచ్చేశాయి. అయినా చూసే ఫోన్లో కొడతాడు. నీలం రంగు పటం మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది.

లోపల్నుంచి భార్య అడుగుతుంది. 'ఏడున్నడు?'

'సింగపూర్ దాటిండు.'

'తిన్నడో లేదో!'

ఆ సంగతి మాత్రం ఏ పటంలోనూ ఉండదు. ఆయన ఫోన్ ఆమె చేతికిస్తాడు. ఆమె కొంగుతో అద్దం తుడిచి, ఆ బాణం గుర్తును కాసేపు చూసుకుని, అన్నం వడ్డించడానికి లేస్తుంది.